మెడికల్ రీయింబర్స్‌మెంట్: ఏ ఖర్చు చెల్లుతుంది, ఏది చెల్లదు

ఉద్యోగి గానీ, అతని మీద ఆధారపడినవారు గానీ జబ్బుపడితే అయ్యే ఖర్చును యజమానో, యజమాని వాటాతో నడిచే నిధో భరించే ఏర్పాటును వాడుకలో మెడికల్ రీయింబర్స్‌మెంట్ అంటారు. బడి పంతుళ్ల మాటల్లో అది ఉత్త ‘మెడికల్ బిల్లు’. ముందు చేతి నుంచి పెట్టుకుని తర్వాత రాబట్టుకునే పద్ధతి ఒకటి, కార్డు చూపిస్తే డబ్బు కట్టకుండానే వైద్యం జరిగే పద్ధతి ఇంకొకటి, జీతంలోంచి పన్ను పడకుండా పక్కన పెట్టుకున్న సొమ్మును వైద్యానికి వాడుకునే పద్ధతి మరొకటి. మూడింటిలోనూ తగవు ఒక్కచోటే వస్తుంది. ఏది వైద్య ఖర్చు, ఏది కాదు? మనిషికి నొప్పి ఉందా లేదా అన్నదాని మీద జవాబు ఆధారపడదు. రోగి నియమాలు చెప్పే ‘కుటుంబం’లోకి వస్తాడా, జబ్బు జాబితాలో ఉందా, ఆసుపత్రికి గుర్తింపు ఉందా, కాగితాలు పూర్తిగా ఉన్నాయా అని చూసి తేలుస్తారు.

ప్రకాశం పడమటి సీమలోని చంద్రశేఖరపురం నుంచి చూస్తే ఈ ప్రశ్న ఇంకా బరువుగా కనిపిస్తుంది. సీఎస్ పురం అని అందరూ పిలిచే ఈ మండలం కనిగిరికి పడమరగా, నల్లమల, వెలిగొండల వైపు ఉంటుంది. భైరవకోన గుహాలయాలు ఇక్కడివే. ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్లాలంటే వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. తాగునీటిలో ఫ్లోరైడ్, దానివల్ల వచ్చే ఎముకల బాధలు, పళ్ల మీద మచ్చలు, కిడ్నీ జబ్బులు కనిగిరి ప్రాంతానికి ఏళ్లనాటి గోడు. ఇలాంటి ఊళ్లో ఒకే వీధిలో బడి టీచరు ఉంటారు, కనిగిరి డిపోలో పనిచేసే ఆర్టీసీ డ్రైవరు ఉంటారు, పోస్టాఫీసు ఉద్యోగి ఉంటారు, మార్కాపురం పలకల పనికి వెళ్లివచ్చే కూలీ ఉంటాడు, హైదరాబాదులోనో డాలస్‌లోనో కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ముసలి తల్లిదండ్రులు ఉంటారు. అందరికీ వచ్చేది అదే మోకాళ్ల నొప్పి. వర్తించే నియమాల పుస్తకం మాత్రం ఇంటికొకటి.

నియమాల పుట్టుక

ఈ నియమాల్లో పాతది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం వచ్చిన 1944 నాటి మెడికల్ అటెండెన్స్ నియమావళి. కార్మికుల కోసం 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం చేశారు. ఈఎస్‌ఐగా మనకు తెలిసిన ఆ పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ 1954లో ఢిల్లీలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగుల కోసం 1972లో ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ నియమాలను తెచ్చింది. నేటికీ రాష్ట్రంలో టీచరు పెట్టే ప్రతి మెడికల్ బిల్లూ ఆ 1972 నియమాల గడపలోంచే లోపలికి వెళుతుంది.

కేంద్ర నియమావళిలోని ఒక సూత్రం తర్వాతి నియమాలన్నిటికీ మూలమైంది. ఆహారంగా పనికొచ్చేవి, టానిక్కులు, ఒంటి శుభ్రతకు వాడేవి, క్రిమిసంహారకాలు మందులు కావు, కాబట్టి వాటి ధర తిరిగి రాదు. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఆపరేషన్ అయి మంచం మీదున్న మనిషికి డాక్టరు రాసిన ప్రోటీను డబ్బా కూడా ఈ గీతకు అవతలే పడుతుంది. రోగికి అది మందు, నియమానికి అది ఆహారం. వైద్యుడి చీటీలో ఉన్నంత మాత్రాన ఖర్చు చెల్లదని పంతుళ్లకు మొట్టమొదట నేర్పేది ఈ డబ్బాయే.

1972 నియమాలు పల్లె బడి దాకా వచ్చేసరికి

రాష్ట్ర నియమాల్లో ప్రధానంగా చెల్లేది ఆసుపత్రిలో చేరి పొందిన వైద్యం. మంచం చార్జీ, డాక్టరు ఫీజు, పరీక్షలు, ఆపరేషను, మందులు అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ బిల్లులో వేసినంత రాదు. ప్రభుత్వం ముందే నిర్ణయించిన ప్యాకేజీ రేటు ఎంతో అంతవరకే ఇస్తారు. ఆసుపత్రి లక్షా పాతిక వేలు వేసి, ఆ చికిత్సకు ప్యాకేజీ డెబ్భై వేలని ఉంటే, మిగతా యాభై ఐదు వేలు ఉద్యోగి నెత్తినే. బిల్లు పాసయింది కానీ కోత పడింది అంటారే, ఆ కోత ఎక్కువగా ఇక్కడే పడుతుంది. ప్రభుత్వం ఇలా పరిమితి పెట్టడం తప్పు కాదని 1998లో పంజాబ్‌కు చెందిన రామ్ లుభాయా బగ్గా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఖజానాకు హద్దుంటుంది, ఆ హద్దులో విధానం రూపొందించుకోవచ్చు అన్నది అక్కడి సారాంశం.

ఆసుపత్రిలో చేరకుండా బయటి నుంచి చూపించుకుని మందులు వాడితే మామూలుగా చెల్లదు. దీనికి మినహాయింపులున్నాయి. కేన్సరుకు కీమోథెరపీ, రేడియోథెరపీ, కిడ్నీ రోగికి డయాలిసిస్, గుండె, నరాల జబ్బుల వంటి వాటికి ఔట్‌పేషెంట్ ఖర్చును ఒప్పుకుంటారు. పడమటి ప్రకాశానికి ఈ మినహాయింపు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, బతికినంత కాలం. ఆసుపత్రిలో పడుకుంటేనే జబ్బు అనే పాత లెక్క ఇలాంటి రోగిని చంపేస్తుంది. అదే బీపీకి, షుగరుకు నెలనెలా కొనే మాత్రలు ఈ నియమాల గుమ్మం దాటలేవు. ఇరవయ్యేళ్లు మాత్రల ఖర్చు ఉద్యోగిది. ఆ మాత్రలు సరిగా వేసుకోక కిడ్నీలు పోయాక అయ్యే డయాలిసిస్ ఖర్చు ప్రభుత్వానిది. ఈ నియమాల్లో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించే లోపం ఇదే.

ఇక కాగితాలు. అపెండిక్స్-2 అనే దరఖాస్తు ఫారం, ఏ మందు ఎందుకు అవసరమైందో డాక్టరు ధ్రువీకరించే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఇదే ఖర్చును ఇంతకుముందు డ్రా చేయలేదని నాన్-డ్రాయల్ సర్టిఫికెట్, రోగి తల్లో తండ్రో అయితే డిపెండెన్సీ సర్టిఫికెట్, హఠాత్తుగా చేరాల్సి వస్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. డిశ్చార్జి అయిన ఆరు నెలల్లో ఇవన్నీ డ్రాయింగ్ అధికారి చేతికి చేరాలి. అక్కడి నుంచి వైద్యాధికారుల పరిశీలన, మంజూరు, ట్రెజరీ. ఎక్కడో ఒకచోట అబ్జెక్షన్ వేస్తే ఫైలు మళ్లీ వెనక్కి. ఎక్కువ బిల్లులు తిరిగొచ్చేది జబ్బు అర్హం కాక కాదు, ఒక సర్టిఫికెట్ మీద ఆసుపత్రి ముద్ర లేకనో, బిల్లు జిరాక్సు కావడం వల్లనో అన్నది ఈ పని చేసే ప్రతి గుమస్తాకూ తెలుసు. హైదరాబాదులో ఉన్న టీచరు మర్నాడు వెళ్లి ఆ ముద్ర వేయించుకు రాగలరు. సీఎస్ పురం టీచరుకు అదే ముద్ర ఒక సెలవు, రెండు బస్సులు.

కార్డు వచ్చాక

చేతి నుంచి ముందు డబ్బు పెట్టుకోలేనివారి కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2013 నవంబరు 1న ఎంప్లాయీస్ హెల్త్ స్కీం ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆ ఏడాది డిసెంబరు నుంచి ఈహెచ్‌ఎస్ అమల్లోకి వచ్చింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2014 అక్టోబరులో తనకంటూ ఉత్తర్వులిచ్చుకుంది. ఆరోగ్యశ్రీని నడిపే ట్రస్టే దీన్నీ నడుపుతుంది. మొదట్లో ఉద్యోగి వాటా జీతం స్థాయిని బట్టి నెలకు 90 రూపాయలో 120 రూపాయలో ఉండేది, తర్వాత పెరిగింది. జాబితాలో 1,885 చికిత్సలు పెట్టారు. ఒక్కో విడత జబ్బుకు రెండు లక్షలని హద్దు పెట్టినా, ఆ హద్దు దాటిందని వైద్యం మధ్యలో ఆపకూడదన్న నిబంధన కూడా ఉంచారు. దీర్ఘకాలిక జబ్బులు కొన్నిటికి గుర్తింపు పొందిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఔట్‌పేషెంటు సేవలను చేర్చారు. 1972 నియమాల్లోని మాత్రల లోపాన్ని పూడ్చే ప్రయత్నంగా దీన్ని చూడొచ్చు, అది చిన్న ప్రయత్నమే అయినా.

ఎవరు కుటుంబం? ఈహెచ్‌ఎస్ దీన్ని వివరంగా చెప్పింది. భార్య లేదా భర్త, ఆధారపడిన కూతుళ్లలో పెళ్లికానివారు, వితంతువులు, విడాకులైనవారు, భర్త వదిలేసినవారు, ఇరవై ఐదేళ్లలోపు నిరుద్యోగి కొడుకు, వైకల్యం ఉంటే వయసుతో పనిలేకుండా సంతానం, పూర్తిగా ఆధారపడిన తల్లిదండ్రులు. దత్తత వెళ్లినవారు కన్నవాళ్లనో పెంచినవాళ్లనో ఒక్క జంటనే చేర్చుకోవాలి. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్‌లో మహిళా ఉద్యోగి తన తల్లిదండ్రులను గానీ అత్తమామలను గానీ ఎంచుకునే వీలుంది. పెళ్లయ్యాక అత్తవారింట ఉంటూ అత్తమామలకు సేవ చేసేది కోడలే అయిన మన ఊళ్లలో ఇది పెద్ద వెసులుబాటు.

కార్డు వల్ల మేలు జరిగింది. అలాగని కార్డు ఉంటే అన్నీ ఉన్నట్టు కాదు. ప్యాకేజీ రేటు గిట్టదని, బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని ప్రకటించిన సందర్భాలు పలుమార్లు వచ్చాయి. అందుకే ఈహెచ్‌ఎస్ ఉండగానే పాత రీయింబర్స్‌మెంట్ పద్ధతిని ప్రభుత్వం దఫదఫాలుగా పొడిగిస్తూ వచ్చింది. ఉద్యోగి చేతిలో కార్డు ఒకవైపు, అపెండిక్స్-2 ఫారం మరోవైపు. రెండిటిలో ఏది పనికొస్తుందో ఆసుపత్రి కౌంటరు దగ్గరకు వెళ్తే గానీ తెలియదు.

ఆర్టీసీ వాళ్ల కథ కొంచెం వేరు. సంస్థకు సొంత డిస్పెన్సరీలుండేవి, హైదరాబాదు తార్నాకలో సొంత ఆసుపత్రి ఉండేది, విభజన తర్వాత విజయవాడ విద్యాధరపురంలో ఆసుపత్రి ఏర్పడింది. 2020 జనవరి 1న ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యాక వారినీ ఈహెచ్‌ఎస్ వైపు మళ్లించారు. గుంటూరు-నంద్యాల లైను మీదున్న మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్ల రైల్వే సిబ్బందికి రైల్వే సొంత ఆసుపత్రులున్నాయి. పెద్ద జబ్బు వస్తే రైల్వే డాక్టరు రాసిచ్చే రెఫరల్ చీటీయే అక్కడ అర్హతకు తాళంచెవి.

పలకల రాయి, ఈఎస్‌ఐ గీత

మార్కాపురం పేరు చెప్తే తెలుగు పిల్లలందరి చేతిలో ఒకప్పుడున్న పలక గుర్తొస్తుంది. క్వారీలో రాయి తీసేవారు, షెడ్డులో దాన్ని చీల్చి కోసి నునుపు చేసేవారు ఒకే ధూళిని పీలుస్తారు. రాతి పొడిలోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చేది సిలికోసిస్. నయం కాని జబ్బు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం కనిపిస్తే టీబీ అనుకోవడం చాలాచోట్ల జరిగేదే. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, అది మంచిదే. కానీ జబ్బు పేరు టీబీగా నమోదైతే అది పనివల్ల వచ్చిన రోగమన్న మాట కాగితంలోంచి చెరిగిపోతుంది. దానితో పాటే యజమాని బాధ్యతా చెరిగిపోతుంది. సిలికా ధూళి రోగాలను చట్టం వృత్తి వ్యాధుల షెడ్యూలులో పెట్టింది. అర్హత ఉన్నదీ లేనిదీ ఇక్కడ రోగ నిర్ధారణలో ఒక్క మాట మీద తిరుగుతుంది.

ఈఎస్‌ఐ ఇతర పథకాల కంటే ఉదారమైనది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికుడు అందులోకి వస్తాడు. ఈ పరిమితి 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, వైకల్యం ఉన్నవారికి 25,000. 2019 జూలై నుంచి యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడుతున్నారు. పనిలో చేరిన తొలి రోజు నుంచే కుటుంబానికంతటికీ వైద్యం. ఔట్‌పేషెంటు, మాత్రలు, పరీక్షలు, కాన్పు, ఆపరేషను అన్నీ లోపలివే. ఖర్చు చెల్లుతుందా లేదా అని ముందు బిల్లు పట్టుకుని తిరగాల్సిన పని లేదు, ఈఎస్‌ఐ ఆసుపత్రిలో బిల్లే ఉండదు. జబ్బుతో పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం, జాబితాలోని దీర్ఘకాలిక వ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా, ప్రసూతికి 26 వారాల పూర్తి జీతం ఇస్తుంది. కోల్పోయిన కూలిని కూడా వైద్యంలో భాగంగా లెక్కవేసిన పథకం ఇది. పెళ్లికాని కార్మికుడికి తల్లిదండ్రులు లేకపోతే అతని మీద ఆధారపడిన మైనరు తమ్ముణ్ణీ చెల్లెల్నీ కూడా చట్టం కుటుంబంగా ఒప్పుకుంది. ఈ నిబంధన రాసినవారెవరో గానీ, వాళ్లకు మన ఇళ్లు తెలుసు.

మరి పడమటి ప్రకాశానికి ఇది ఎంతవరకు అందింది? మొదటి అడ్డు సంఖ్య. పది మంది పనివాళ్లు ఉన్న సంస్థే గీత లోపలికి వస్తుంది. ఒక్కో కప్పు కింద ఆరుగురో ఏడుగురో పనిచేసే షెడ్డు గీత బయటే. రెండో అడ్డు మరీ విచిత్రం. 1948 చట్టంలోని ఫ్యాక్టరీ నిర్వచనం గనుల చట్టం వర్తించే గనిని బయట పెట్టింది. ఆ చట్టం కింద పలకను నునుపు చేసే ఫ్యాక్టరీ కార్మికుడికి ఈఎస్‌ఐ ఉండొచ్చు, ఆ రాయిని నేలలోంచి తవ్వే క్వారీ కార్మికుడికి ఉండేది కాదు. ధూళి ఒకటే, ఊపిరితిత్తులు ఒకటే, గీత మాత్రం మధ్యలోంచి పోయింది. మూడోది దూరం. రాష్ట్రంలోని ఈఎస్‌ఐ ఆసుపత్రులు విజయవాడ, విశాఖపట్నం, రాజమండ్రి, తిరుపతిలలో ఉన్నాయి. మార్కాపురం కార్మికుడికి అన్నీ దూరమే.

ఈ గీతలు ఇప్పుడు కదిలాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ‘సంస్థ’ అన్న మాటలోకి గనిని కూడా చేర్చింది. ప్రమాదకరమైనదని కేంద్రం నోటిఫై చేసిన పనిలో ఒక్క కార్మికుడున్నా ఈఎస్‌ఐ వర్తింపజేయవచ్చని చెప్పింది. రాతి ధూళి పనిని ఆ నోటిఫికేషన్‌లో చేర్చడం కన్నా ఈ ప్రాంతానికి ఎక్కువ మేలు చేసే ఉత్తర్వు ఇంకోటి ఉండదు.

ఈఎస్‌ఐ లేనివారికీ ఒక హక్కుంది, అది చాలామందికి తెలియదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టాన్ని సవరించి 2010 జనవరి నుంచి ఒక మాట చేర్చారు: పనిలో గాయపడిన ఉద్యోగి వైద్యానికి నిజంగా అయిన ఖర్చును యజమాని తిరిగి ఇవ్వాలి. దీనికి ప్యాకేజీ రేటు లేదు, గుర్తింపు ఆసుపత్రుల జాబితా లేదు. నిజంగా ఎంతైతే అంత. మన దేశపు నియమాలన్నిటిలోనూ అర్హతను ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు వేరే కనబడలేదు. కరువు పనులకు వెళ్లినవారికి కూడా 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలు ఇలాంటి హక్కే ఇచ్చింది. పని చోట గాయపడితే ఉచిత వైద్యం, ఆసుపత్రిలో చేరితే మందులు, బసతో పాటు రోజుకు కూలిలో సగానికి తగ్గకుండా భత్యం.

కంపెనీ పాలసీ, జీతం పన్ను

హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఉన్నవారికి యజమాని కొనే గ్రూప్ ఇన్సూరెన్సే నియమావళి. సాధారణంగా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. కంటిశుక్లం, డయాలిసిస్, కీమోథెరపీ వంటి ఒక్కపూట చికిత్సలకు మినహాయింపు. చేతి తొడుగులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు వంటివి నాన్-మెడికల్ అని తీసేస్తారు. పాలసీ ఒప్పుకున్నదాని కన్నా ఖరీదైన గది తీసుకుంటే గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజులోనూ అదే నిష్పత్తిలో కోత వేస్తారు. ఊరి నుంచి నాన్నను తీసుకెళ్లి, పాపం ఏసీ గదిలో ఉంచుదామని ఆశపడ్డ కొడుకులు ఈ కోత దగ్గరే దెబ్బతింటారు. మానసిక వ్యాధులను శారీరక వ్యాధులతో సమానంగా బీమాలో చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశించింది. పంటి వైద్యం ప్రమాదం వల్ల అయితే తప్ప ఎక్కువ పాలసీల్లో చెల్లదు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన పళ్లకు ఇది ఎంత అన్యాయమో కనిగిరి వైపు ఎవర్ని అడిగినా చెప్తారు.

పన్ను విషయం ఒక్క మాటలో ముగించవచ్చు. జీతంతో పాటు వచ్చే వైద్య ఖర్చుల చెల్లింపులో ఏడాదికి 15,000 రూపాయల వరకు పన్ను లేని రోజులుండేవి. 2018-19 నుంచి దాన్ని తీసేసి స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపేశారు. మందుల షాపు బిల్లులు ఏరుకుని మార్చి నెలలో కంపెనీకి సమర్పించే అలవాటు దాంతో పోయింది.

అమెరికా కొడుకు, సీఎస్ పురం తల్లిదండ్రులు

అమెరికాలో ఉద్యోగి తన జీతంలోంచి పన్ను పడకముందే కొంత పక్కన పెట్టి వైద్యానికి వాడుకునే ఖాతాలున్నాయి. 1978 రెవెన్యూ చట్టంతో వేళ్లూనిన ఎఫ్‌ఎస్‌ఏ ఒకటి, 2004 జనవరిలో మొదలైన హెచ్‌ఎస్‌ఏ మరొకటి. ఎఫ్‌ఎస్‌ఏలో 2025కు 3,300 డాలర్ల దాకా దాచుకునే వీలుండేది; ఏడాదిలో వాడకపోతే చాలావరకు పోతుంది. హెచ్‌ఎస్‌ఏలో మిగిలింది మిగులుతూనే ఉంటుంది, కాకపోతే ఎక్కువ డిడక్టిబుల్ (బీమా కన్నా ముందు చేతి నుంచి పెట్టుకోవాల్సిన సొమ్ము) ఉన్న బీమా పాలసీ తీసుకున్నవారికే అది దొరుకుతుంది. ఏది అర్హమైన ఖర్చో వారి ఆదాయపన్ను చట్టంలోని 213వ సెక్షన్ చెబుతుంది: రోగ నిర్ధారణకు, చికిత్సకు, నివారణకు, శరీరంలో ఏదైనా భాగం పనితీరు కోసం పెట్టింది చెల్లుతుంది.

ఆ నిర్వచనం మనవాటి కన్నా విశాలం. కళ్లద్దాలు, పంటి వైద్యం, వినికిడి యంత్రం, చేతికర్ర, ఆక్యుపంక్చర్, డాక్టరు దగ్గరకు వెళ్లివచ్చే కారు ప్రయాణం కూడా లోపలికి వస్తాయి. 2025లో ప్రయాణానికి మైలుకు 21 సెంట్లు. పళ్లు తెల్లబరుచుకోవడం, అందం కోసం చేయించుకునే ఆపరేషను, జిమ్ము, ఒంటికి మంచిదని వేసుకునే విటమిన్లు రావు. చీటీ లేకుండా కొనే మందులను 2011లో బయట పెట్టి, కరోనా వేళ 2020 మార్చిలో తిరిగి లోపలికి తెచ్చారు. స్త్రీల నెలసరి వస్తువులను అప్పుడే చేర్చారు.

అయితే ప్రకాశం జిల్లా నుంచి వెళ్లినవారు ఎక్కువగా అడిగేది వేరే ప్రశ్న. ఊళ్లో ఉన్న అమ్మ ఆపరేషనుకు ఆ ఖాతాలోంచి కట్టవచ్చా? కట్టకూడదు. పన్ను లెక్కలో ఆధారపడిన బంధువు కావాలంటే ఆ మనిషి అమెరికా పౌరుడో, అమెరికా, కెనడా, మెక్సికోలలో ఒక దేశపు నివాసో అయివుండాలి. సీఎస్ పురంలో ఉండే అమ్మ ఎంతగా కొడుకు డబ్బు మీదే బతుకుతున్నా ఆ నిర్వచనంలోకి రాదు. అదే ఆ కొడుకు సెలవుకు వచ్చినప్పుడు ఒంగోలులో తన పంటికి రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ ఖర్చు చెల్లుతుంది, వైద్యం విదేశంలో జరిగినా ఫర్వాలేదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ డాక్టరు రాసిన మందులు ఇక్కడే కొని వేసుకుంటే, అవి రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైనవైతే అవీ చెల్లుతాయి. చౌకగా దొరికాయని ఏడాదికి సరిపడా మాత్రలు పెట్టెలో సర్దుకుని తీసుకెళ్తే మాత్రం అవి చెల్లవు.

దూరం ఖర్చు

పైన చెప్పిన నియమాలన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రయాణాన్ని వైద్యంలో భాగంగా గుర్తించినవి కొన్నే. అమెరికా పన్ను నియమం గుర్తించింది. మన కేంద్ర ఉద్యోగుల 1944 నియమావళి, డాక్టరు వేరే ఊరికి పంపితే ప్రయాణ భత్యం ఇస్తుంది. టీచరు బిల్లులో, కంపెనీ పాలసీలో రోగితో వెళ్లిన మనిషి బస్సు టికెట్టుకు, అతను నాలుగు రోజులు తిన్న అన్నానికి, పోగొట్టుకున్న కూలికి ఎక్కడా గడి లేదు. సీఎస్ పురం నుంచి కనిగిరి, అక్కడి నుంచి ఒంగోలు, అక్కడ కాదంటే గుంటూరో నెల్లూరో తిరగాల్సిన కుటుంబానికి మందుల కన్నా ముందు జేబు ఖాళీ చేసేది ఇదే. అత్యవసరంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఆదుకుంటుంది. తర్వాత ఆరు నెలల పాటు చెకప్పులకు తిరగడానికి ఆదుకునేది ఏదీ లేదు. ప్రయాణ ఖర్చును అర్హమైన వైద్య ఖర్చుగా రాష్ట్ర నియమాల్లో చేర్చడం ఈ మెట్ట సీమ ఉద్యోగులకు దయ కాదు, న్యాయం.

గుర్తింపు లేని ఆసుపత్రిలో చేరారని బిల్లు కొట్టేయడం ఇంకో బాధ. గుండెపోటు వచ్చిన మనిషి జాబితా చూసుకుని ఆసుపత్రికి వెళ్లడు, దగ్గర్లో తలుపు తెరిచి ఉన్నచోటికి వెళతాడు. 2018 ఏప్రిల్ 13న శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆసుపత్రి పేరు ప్యానెల్‌లో లేదన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదు, చికిత్స నిజంగా జరిగిందా, రికార్డులు దాన్ని బలపరుస్తున్నాయా అన్నదే చూడాలి. ఆ తీర్పు ఒక కేంద్ర పెన్షనరు కేసులో వచ్చినా, ఆ తర్కం ఎక్కడి ఉద్యోగికైనా చేతికర్రలాంటిది. అబ్జెక్షన్ వేసిన ఫైలు తిరిగొస్తే ఊరుకోకుండా, ఆ తీర్పును ఉటంకిస్తూ రాతపూర్వకంగా మళ్లీ అడగాలి. అలా అడగాలన్నా డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. వాటిని ఆసుపత్రి గేటు దాటకముందే, ముద్రలతో సహా తీసుకోండి. ఆరు నెలల గడువు డిశ్చార్జి తేదీ నుంచే లెక్కకొస్తుంది.